లేఅవుట్ మీద ఊరు బొమ్మల్లా కనిపిస్తోంది. భవనాలు, బళ్లు సరిచేయడం ఎలా?

కొత్తకూత

అందరికీ నమస్కారం. హెచ్ఓ స్కేల్‌లో (1:87, అంటే అసలు సైజులో 87వ వంతు) నా మొదటి మోడల్ రైల్వే లేఅవుట్ ఇది. బోర్డు 2.4 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు. చెక్క ఫ్రేము మీద 9 మి.మీ. ప్లైవుడ్, దానిపైన కార్కు షీటు, ఆపైన ట్రాకు. బయట ఒక ఓవల్, లోపల రెండు సైడింగులు (బళ్లు ఆపే పక్క లైన్లు), ముందువైపు ఒక స్టేషను. వంపులన్నీ 457 మి.మీ. రేడియస్. కంట్రోల్ డీసీసీ (పట్టాల ద్వారానే ఒక్కో ఇంజిన్‌కి విడిగా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి). రైళ్లు పట్టాలు తప్పకుండా చక్కగా తిరుగుతున్నాయి.

ఇబ్బందల్లా ఊరితోనే. స్టేషను వెనక ఒక వీధి వేశాను. నాలుగు ప్లాస్టిక్ కిట్ భవనాలు, అట్టతో నేనే కట్టిన రెండు ఇళ్లు, పదీ పన్నెండు మెటల్ కార్లు, ఒక బస్సు, రెండు లారీలు. విడిగా చూస్తే ఒక్కోటీ ముచ్చటగానే ఉంది. అన్నీ కలిపి చూస్తే మాత్రం పిల్లలు ఆడుకుని వదిలేసినట్టుంది. ఫోటోలు జతచేశాను. డీటెయిల్ చాలలేదా? మనుషులు, దీపస్తంభాలు, బోర్డులు, చెట్లు తెచ్చి పెడితే సరిపోతుందా?

అట్టముక్క

ఇప్పుడే ఏమీ కొనకండి. మూడో ఫోటో చూడండి. ఎర్ర కారు పైకప్పు దాదాపు పక్కింటి తలుపు పైఅంచు దాకా వచ్చేసింది.

మామూలు కారు 4.4 మీటర్ల పొడవు, 1.45 మీటర్ల ఎత్తు ఉంటుందనుకుందాం. హెచ్ఓలో అది 51 మి.మీ. పొడవు, 17 మి.మీ. ఎత్తు. 2.1 మీటర్ల తలుపు 24 మి.మీ. వస్తుంది. అంటే కారు పైకప్పు దాటాక తలుపు ఇంకా 7 మి.మీ. కనబడాలి. మీ మెటల్ కార్లు 1:64కి దగ్గర్లో ఉన్నాయని నా అనుమానం. ఆ లెక్కన అదే కారు 69 మి.మీ. అవుతుంది. స్కేలు బద్ద పెట్టి కొలిచి చెప్పండి.

ఇంకో సంగతి. చవకలో దొరికే చిన్న మెటల్ బళ్లలో చాలావాటికి ఒక స్కేలంటూ ఉండదు. అన్నీ ఒకే సైజు పెట్టెలో పట్టాలి కాబట్టి కారూ బస్సూ ఇంచుమించు ఒకే పొడవు చేస్తారు. అసలు 12 మీటర్ల బస్సు హెచ్ఓలో 138 మి.మీ. ఉండాలి. మీ బస్సు ఎంతుంది?

సిగ్నల్‌దీపం

175 సెం.మీ. మనిషి హెచ్ఓలో సరిగ్గా 20 మి.మీ. అట్ట మీద 20 మి.మీ. మనిషిని గీసి, కత్తిరించి జేబులో పెట్టుకోండి. ఏది కొనబోయినా వాణ్ణి పక్కన నిలబెట్టి చూడండి. పెట్టె మీద రాసినదాని కన్నా వాడే నమ్మకస్తుడు.

కొత్తకూత

కొలిచాను. కార్లు 68 నుంచి 75 మి.మీ. దాకా ఉన్నాయి. బస్సు 80 మి.మీ.! లారీలు కూడా అంతే. నిజంగానే ఒకే పెట్టె లెక్క.

ఇంకో విచిత్రం. ఒక కిట్ భవనం, టౌన్ హాలు లాంటిది, దాని తలుపు 31 మి.మీ. ఉంది. పెట్టె మీద మాత్రం "హెచ్ఓ/ఓఓ" అని ఉంది. ఈ రెండూ ఒకటే అనుకున్నాను, ట్రాకు ఒకటే కదా?

అట్టముక్క

ట్రాకు ఒకటే, 16.5 మి.మీ. స్కేలు ఒకటి కాదు. హెచ్ఓ అంటే అడుగుకి 3.5 మి.మీ., అంటే 1:87. ఓఓ అంటే అడుగుకి 4 మి.మీ., అంటే 1:76.2. బ్రిటన్ ఇంజిన్లు అసలే చిన్నవి. 1:87కి తగ్గిస్తే అప్పట్లో దొరికే మోటార్లు వాటి బాడీలో పట్టేవి కావు. దాంతో ట్రాకు అలాగే ఉంచి బాడీలను మాత్రం పెంచేశారు. ఆ సర్దుబాటు అలవాటుగా నిలిచిపోయి ఈ రోజుకీ నడుస్తోంది. రెండింటి మధ్య తేడా 14 శాతం దాకా ఉంటుంది. కారు పక్కన కారు పెడితే ఇట్టే తెలిసిపోతుంది, పెద్ద భవనాల్లో అంతగా తెలియదు.

మీ టౌన్ హాలుని పారేయక్కర్లేదు. 31 మి.మీ. అంటే హెచ్ఓలో 2.7 మీటర్లు. ప్రభుత్వ భవనానికి అంత తలుపు ఉన్నా ఎవరూ ఏమీ అనుకోరు. తలుపు పైన 5 మి.మీ. అద్దాల పట్టీ ఒకటి అడ్డంగా గీస్తే అసలు తలుపు 26కి దిగుతుంది. భవనం స్కేలుని కన్ను మూడింటితో పట్టేస్తుంది: తలుపు, మెట్లు, పిట్టగోడ. ఇవి సరిపోతే మిగతా గోడ కాస్త అటూఇటూ అయినా చెల్లిపోతుంది.

బళ్ల విషయంలో ఈ వెసులుబాటు లేదు. బండి పక్కన మనిషి, మనిషి పక్కన తలుపు, అన్నీ ఒకే చూపులో పడతాయి. ఆ మెటల్ కార్లను తీసేయాల్సిందే. హెర్పా, వికింగ్, బుష్ వాళ్లు 1:87లో చేస్తారు. అన్నీ ఒకేసారి అక్కర్లేదు, ఐదారు చాలు.

పట్టాలపావురం

బస్సు 80 మి.మీ. అంటే హెచ్ఓలో 7 మీటర్లు. మినీ బస్సు అనుకోండి, ఏం పోయింది 😄

గార్డుబండి

ఎత్తు చూస్తే ఆ పప్పులు ఉడకవు పావురం గారూ. కిటికీలు కూడా ఏడ్చినట్టే ఉంటాయి.

అసలు ప్రశ్నకు వద్దాం. డీటెయిల్ పెంచాలా అన్నారు. బోర్డు ముందు నిలబడితే వీధి మీ కంటికి సుమారు 60 సెం.మీ. దూరంలో ఉంటుంది కదా. దాన్ని 87తో గుణించండి. 52 మీటర్లు. అంటే ఆ ఊరిని మీరు ఎప్పుడూ 50 మీటర్ల అవతలి నుంచే చూస్తున్నారన్నమాట.

ఒకసారి బయటికెళ్లి 50 మీటర్ల దూరంలో ఉన్న ఇంటిని చూసి రండి. చూరు కింద నీడ కనిపిస్తుంది. గోడ కింది భాగం రంగు మారి ఉండడం, కిటికీ కింద నీళ్లు కారిన చారలు, పైకప్పు అంచు గీత ఆకాశం మీద తేలడం కనిపిస్తాయి. ఇటుకల మధ్య సిమెంటు గీత, తలుపు పిడి, గోడ మీది చిన్న బోర్డులో అక్షరాలు కనబడవు. మనం కొనే డీటెయిల్ అంతా ఈ రెండో రకమే! మొదటి రకానికి ఖర్చేమీ ఉండదు, చూసి వేసుకోవాలంతే. మీ ఊరిలో లోటు అక్కడుంది.

రంగులడబ్బా

గార్డుబండి గారు చెప్పినదానికి ఇటుక గోడే మంచి ఉదాహరణ. ఇటుక వరస 75 మి.మీ. అనుకుంటే హెచ్ఓలో 0.86 మి.మీ. మధ్యలో 10 మి.మీ. సిమెంటు గీత 0.1 మి.మీ. అయితే అచ్చులో అంత సన్నగా పోయడం కష్టం కాబట్టి కిట్ కంపెనీలు దాన్ని వెడల్పుగా, లోతుగా చేస్తాయి. మనమేమో ఆ సందుల్లో తెల్ల రంగు నింపి మురిసిపోతాం. దాంతో గోడ గళ్ల గుడ్డలా తయారవుతుంది. మీ రెండో భవనంలో జరిగింది అదే.

ఇలా చేసి చూడండి. గోడకు ముందు మ్యాట్ (మెరుపు లేని) ప్రైమర్ కొట్టండి. ఇటుక రంగుని డబ్బాలోంచి తీసినట్టే వేయకుండా కొంచెం బూడిద రంగు కలపండి. దూరం పెరిగేకొద్దీ రంగు వెలిసినట్టు కనబడుతుంది, చిన్న స్కేల్లో మనమే ఆ పని చేసిపెట్టాలి. ఆరాక సిమెంటు గీతలకు తెలుపు కాకుండా, ఇటుక కన్నా రెండు మెట్లు మాత్రమే లేతగా ఉన్న రంగుని నీళ్లలా పల్చన చేసి గోడంతా పూయండి. వెంటనే తడి గుడ్డతో అడ్డంగా తుడవండి, నిలువుగా వద్దు. సందుల్లో మిగిలినది చాలు. తర్వాత సన్న బ్రష్‌తో అక్కడక్కడ ఒక్కో ఇటుకను ముదురుగానో లేతగానో దిద్దండి. నూటికి ఐదారు దిద్దితే ఎక్కువ. ఆఖర్న మ్యాట్ వార్నిష్.

మ్యాట్ వార్నిష్ మాత్రం మర్చిపోకండి. వీధి బొమ్మల్లా కనబడటానికి సగం కారణం మెరుపే. ప్లాస్టిక్ గోడ, ప్లాస్టిక్ పైకప్పు, ప్లాస్టిక్ చెట్టు, అన్నీ ఒకేలా మెరుస్తాయి. నిజం ఊళ్లో మెరిసేవి అద్దాలు, బళ్ల బాడీలు, తడి నేల, అంతే.

ఇంకా, పూర్తి నలుపు ఎక్కడా వాడొద్దు. తారు రోడ్డు కూడా ఎండలో బూడిద రంగే.

పట్టాలపావురం

ఇక్కడ నేను ఒప్పుకోను. రెండు విషయాల్లో.

ఒకటి, ఈ "వెదరింగ్" (పాతబడినట్టు మురికి, తుప్పు రంగులు వేయడం) పిచ్చి. ఫోరమ్‌లో ఏ ఫోటో చూసినా ప్రతి బోగీ తుప్పు, ప్రతి ఇంటికీ పెచ్చులు, ప్రతి లారీకీ బురద. ఊరంటే శిథిలాలా? పది ఇళ్లలో రెండు ఈ మధ్యే రంగులేసినవి ఉంటాయి. కార్లలో సగం శుభ్రంగానే ఉంటాయి. కొత్తదీ పాతదీ పక్కపక్కన ఉంటేనే పాతది పాతగా కనబడుతుంది.

రెండు, 50 మీటర్ల సిద్ధాంతం. వినడానికి బాగుంది. కానీ ఈ రోజుల్లో లేఅవుట్‌ని కంటితో ఎంతమంది చూస్తున్నారు? ఫోన్ కెమెరా తీసుకెళ్లి వీధిలో పెడతాం. లెన్స్ 10 సెం.మీ. దూరంలో ఉందంటే అది 9 మీటర్ల లెక్క. 9 మీటర్ల నుంచి తలుపు పిడి కనబడుతుంది, గోడకీ నేలకీ మధ్య సందు కూడా కనబడుతుంది. నేను ఫోటోల కోసమే కడతాను, నాకు డీటెయిల్ కావాలి.

గార్డుబండి

శుభ్రమైన కార్ల మాట నిజం, ఒప్పుకుంటాను. బండికి మురికి వేస్తే చక్రాల చుట్టూ, బాడీ కింది అంచున వేస్తే చాలు. పైకప్పు మీద తుప్పు అక్కర్లేదు.

కెమెరా సంగతికొస్తే, కెమెరా పెట్టగలిగే చోట్లు ఎన్ని? బోర్డు ముందు అంచు నుంచి ఓ 30 సెం.మీ. దాకా. అక్కడ మీరన్నట్టే చేద్దాం. వెనక 90 సెం.మీ.కి కూడా అదే పని చేస్తూ కూర్చుంటే జన్మలో పూర్తవదు. ఈ హాబీలో పెద్ద పేరున్న జాన్ ఆలెన్ వృత్తిరీత్యా ఫోటోగ్రాఫరే. ఆయన గోరీ అండ్ డెఫీటెడ్ లేఅవుట్‌లో అన్నిచోట్లా ఒకే మోతాదు డీటెయిల్ పెట్టలేదు. ఎక్కడ చూపు ఆగాలో అక్కడ గుమ్మరించాడు, మిగతా చోట్ల దృశ్యం పెద్దదిగా కనబడేలా అద్దాలు పెట్టి కన్నుని మాయ చేశాడు. 1973లో ఆయన పోయిన కొద్ది రోజులకే ఆ లేఅవుట్ అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఇప్పటికీ జనం చెప్పుకునేది ఆ ఫోటోల వల్లే. కాబట్టి మీ కెమెరా వాదం పూర్తిగా కొట్టేయను లెండి.

అట్టముక్క

పావురం గారు మాటల్లో ఒకటి అనేసి వెళ్లిపోయారు, "గోడకీ నేలకీ మధ్య సందు" అని. కొత్తకూత గారి ఫోటోల్లో నాకు అన్నిటికన్నా ఎక్కువ గుచ్చుకున్నది అదే. ఆరు భవనాలూ నేల మీద పెట్టినట్టున్నాయి, నేలలోంచి లేచినట్టు లేవు. కింద సన్నటి నల్ల గీత, కొన్నిచోట్ల అవతలి వెలుతురు కూడా కనిపిస్తోంది. ఇది 50 మీటర్ల నుంచి కూడా తెలిసిపోతుంది, ఎందుకంటే ఏ ఇంటికీ అలాంటి గీత ఉండదు.

అలాగని జిగురుతో అతికించేయకండి. లోపల లైటు పోతే భవనం పైకి తీయాలి. నేను చేసేది ఇది. భవనం అడుగు కొలతకు 3 మి.మీ. బోర్డు ముక్క కోసి నేలకు అతికిస్తాను, నాలుగు వైపులా గోడ మందం మేర లోపలికి తగ్గించి. భవనం దాని మీద టోపీలా దిగుతుంది, పక్కకి జరగదు. తర్వాత గోడ కింది అంచుకు పల్చటి ప్లాస్టిక్ కవరు చుట్టి, భవనాన్ని దాని చోట కూర్చోబెట్టి, చుట్టూ లప్పం పట్టిస్తాను. లప్పం గోడకు ఆనుకునే ఆరుతుంది, కవరు వల్ల అంటుకోదు. ఆరాక భవనం పైకి తీసి, కవరు పీకేసి, మళ్లీ దింపితే సందు అన్నదే ఉండదు.

ఆపైన జల్లించిన సన్న మట్టి. మట్టిని వాడేముందు పెనం మీద వేడి చేసి, అయస్కాంతం తిప్పి చూడండి. ఇనుప రజను ఉంటే తీసేయాలి, లేకపోతే అది ఇంజిన్ మోటార్లలోకి చేరుతుంది. గోడ మూలల్లో 2 మి.మీ. స్టాటిక్ గ్రాస్ (నిలువుగా నిలబడే కృత్రిమ గడ్డి పోచలు) కొంచెం. 2 మి.మీ. అంటే 17 సెం.మీ. గడ్డి, గోడ వారన ఎవరూ కోయని గడ్డికి అది సరిపోతుంది. 6 మి.మీ. పోచలు వాడితే మోకాలు దాటే పొదలైపోతాయి, ఊరి మధ్యలో బాగోదు.

కొలతలు: ఫుట్‌పాత్ అంచు 15 సెం.మీ. ఎత్తు, అంటే 1.7 మి.మీ. అట్ట. మీరు వాడింది 4 మి.మీ. ఉన్నట్టుంది. హెచ్ఓ మనిషికి అది 35 సెం.మీ. గట్టు, ముసలివాళ్లు ఎక్కలేరు.

సిగ్నల్‌దీపం

రోడ్డు వెడల్పు కూడా చూడండి. రెండు వరసల రోడ్డు 7 మీటర్లంటే 80 మి.మీ. పక్కన పార్కింగ్ కావాలంటే ఇంకో 25 కలుపుకోవాలి. స్థలం లేదని అందరూ 60 పెట్టేస్తారు, అప్పుడు సరైన స్కేల్ బస్సు పెట్టినా ఇరుక్కుపోయినట్టు కనిపిస్తుంది. స్థలం లేకపోతే నిజాయితీగా ఒక వరస రోడ్డు వేయండి.

వీధి బోర్డు అంచుకు సమాంతరంగా ఉంది. దాన్ని ఓ 10, 15 డిగ్రీలు తిప్పండి. ఆరు భవనాలూ మిమ్మల్నే చూస్తూ వరసలో నిలబడటం మానేస్తాయి. నేనైతే మొదట చేసే పని ఇదే.

కొత్తకూత

ఇన్ని సంగతులా! వీధి మొత్తం పీకేస్తున్నాను, భవనాలు ఇంకా అతికించలేదు కాబట్టి బతికిపోయాను.

కొన్ని సందేహాలు. వీధి తిప్పితే ఒక భవనం మూల వంపు తిరిగే ట్రాకుకి దగ్గరగా వస్తుంది. ఎంత దూరం వదలాలి? వెనక వరస భవనాలు చేత్తో అందడం లేదు, గోడకు ఆనించి ఉంది బోర్డు. పోతే ఇళ్లలో దీపాలు, రోడ్డు మీద నిజంగా కదిలే బళ్లు పెట్టాలని చాలా కోరిక. ఇప్పుడే ఆలోచించాలా, తర్వాతా?

వైరుచిక్కు

దీపాలంటే నా పేరు పిలిచినట్టే. ఇప్పుడే ఆలోచించాలి, నేల పూర్తయ్యాక రంధ్రాలు పెట్టడం నరకం.

12 వోల్టుల డీసీ సప్లై ఒకటి విడిగా పెట్టుకోండి. ట్రాకు బస్ (పట్టాలకు కరెంటు అందించే ప్రధాన వైర్లు) లోంచి దీపాలకు కరెంటు తీయకండి. డీసీసీ బూస్టర్ (పట్టాలకు కరెంటు ఇచ్చే పెట్టె) ఆంపియర్లు ఇంజిన్ల కోసం. పైగా ఎక్కడైనా బండి పాయింటు (ఒక లైను నుంచి ఇంకో లైనుకి మారే చోటు) మీద షార్ట్ కొడితే ఊరంతా చీకటవుతుంది.

తెల్ల ఎల్ఈడీ 3 వోల్టులు తీసుకుంటుంది, మిగతా 9 వోల్టులు రెసిస్టర్ తినాలి. అందరూ 1 కిలోఓమ్ పెడతారు, అప్పుడు 9 మిల్లీ ఆంపియర్లు పారుతుంది. కిటికీలోంచి వెల్డింగ్ చేస్తున్నట్టు వెలుగు! 4.7 కిలోఓమ్ పెట్టండి, 2 మిల్లీ ఆంపియర్ల లోపే. పడగ్గదికి 10 కిలోఓమ్ అయినా చాలు. వార్మ్ వైట్ తీసుకోండి. ఆఫీసు గది అయితే చల్లటి తెలుపు బాగుంటుంది.

రెండు జాగ్రత్తలు. ప్లాస్టిక్ గోడల్లోంచి వెలుతురు బయటికి కారుతుంది, భవనం మొత్తం లాంతరులా మండుతుంది. కట్టకముందే లోపలి వైపు నల్ల రంగు, దానిమీద తెల్ల రంగు కొట్టండి. రెండోది, లోపల అట్టతో గదులు విడగొట్టండి. రాత్రిపూట ఏ ఇంట్లోనూ అన్ని కిటికీలూ ఒకేసారి వెలగవు. ఎనిమిదింటిలో మూడు వెలిగితే అందులో మనుషులున్నట్టు అనిపిస్తుంది.

ప్రతి భవనం కింద రెండు పిన్నుల కనెక్టర్ పెడితే అట్టముక్క గారు చెప్పిన టోపీ పద్ధతిలో పైకి తీసినప్పుడు వైరు తెగదు.

గార్డుబండి

ట్రాకు పక్కన దూరం: మీ దగ్గరున్న అతిపొడవైన బోగీని వంపులో చేత్తో నెడుతూ, దాని మధ్యలో ఒక పెన్సిల్, చివర ఒక పెన్సిల్ అతికించి నేల మీద గీత గీయించండి. ఆ గీతలు దాటి ఏదీ రాకూడదు. లెక్క కావాలంటే, 26.4 మీటర్ల బోగీ హెచ్ఓలో 303 మి.మీ. దాని కింద రెండు చివర్లా ఉండే చక్రాల బళ్ల మధ్య దూరం 19 మీటర్లు, అంటే 218 మి.మీ. 457 రేడియస్ వంపులో అది మధ్యలో లోపలికి 13 మి.మీ., చివర్లో బయటికి 12 మి.మీ. పొడుచుకొస్తుంది. బోగీలో సగం వెడల్పు 16 కలిపితే ట్రాకు మధ్యగీత నుంచి 29 మి.మీ. వంపులో ప్లాట్‌ఫారం పెడితే మనిషికీ బోగీకీ మధ్య కాలువ లాంటి ఖాళీ వచ్చేది ఇందుకే. భవనానికి నేనైతే 40 వదులుతాను.

చెయ్యి అందని సంగతి: ఒక వైపు నుంచి 75 సెం.మీ. మించి అందదు. మీది 1.2 మీటర్లు. బోర్డు కాళ్లకు చక్రాలు బిగించి అవసరమైనప్పుడు ముందుకు లాక్కోండి. అది కుదరకపోతే వెనక మూలల్లో పాయింట్లు మాత్రం పెట్టకండి. పట్టాలు తప్పేది ఎప్పుడూ అక్కడే.

వెనక వరసలో పూర్తి భవనాలు దండగ. ముందు గోడ, పక్క గోడలు ఓ 20 మి.మీ., వెనక ఖాళీ, గోడకు అతికించేయడమే. ఇంకా వెనక్కి పోవాలంటే 1:160 ఎన్ స్కేల్ భవనాలు ఒకటి రెండు పెట్టండి, దూరంగా ఉన్నట్టుంటాయి. వాటి పక్కన హెచ్ఓ మనిషి గానీ కారు గానీ కనబడకూడదు, కనబడితే ఆట కట్టు.

రంగులడబ్బా

టౌన్ హాలు పెద్ద స్కేలు కాబట్టి ముందుకు, చిన్నవి వెనక్కి. తిరగేసి పెడితే లోతు కుంచించుకుపోతుంది.

వైరుచిక్కు

కదిలే బళ్లు. పద్ధతి పాతదే, జర్మనీ మోడల్ కంపెనీ ఫాలర్ వాళ్లు 1989లో కార్ సిస్టమ్ అని తెచ్చారు. రోడ్డులో సన్న గాడి తీసి ఇనుప తీగ పరుస్తారు, పైన పల్చగా లప్పం, రంగు. బండి ముందు ఇరుసుకి అయస్కాంతం ఉంటుంది, అది తీగను పట్టుకుని స్టీరింగ్ తిప్పుతుంది. లోపల చిన్న బ్యాటరీ, మోటారు. ఆగాల్సిన చోట రోడ్డు కింద విద్యుదయస్కాంతం. అది ఆన్ అయినప్పుడు బండిలోని రీడ్ స్విచ్ (అయస్కాంతంతో పనిచేసే స్విచ్) మోటారుకి కరెంటు ఆపేస్తుంది. హాంబుర్గ్‌లో 2001లో తెరిచిన మినియేచర్ వండర్‌లాండ్ అనే పెద్ద మోడల్ రైల్వే ప్రదర్శనలో తిరిగే బళ్లు ఈ పద్ధతికే కంప్యూటర్ జోడించి పెంచుకున్నవి.

మీ బోర్డు మీద అసలు ఇబ్బంది స్థలం. బండి వెనక్కి తిరగడానికి రెండు చివర్లా లూపు కావాలి, మీ వీధి పొడవు 1.5 మీటర్లు కూడా లేదు. లూపులో ఒక సగం కొండ కిందో భవనాల వెనకో దాచగలిగితే బాగుంటుంది. ఇప్పటికి తీగ పరిచేసి ఉంచుకోండి, ఖర్చు లేదు. బండి తర్వాత చూసుకోవచ్చు.

పట్టాలపావురం

కదలని బళ్ల గురించి నాదొక మాట. రోడ్డు మధ్యలో పోతున్నట్టు కారు పెడతాం. చూసేవాడికి రెండు సెకన్లలో తెలిసిపోతుంది అది కదలట్లేదని. పక్కనే రైలు నిజంగా పోతుంటే ఇంకా కొడుతుంది. అందుకే ఆగి ఉండటానికి కారణం ఉన్నచోటే బండి పెట్టాలి. గేటు దగ్గర వరస, సిగ్నల్ దగ్గర వరస, పార్కింగ్, సరుకు దించుతున్న లారీ, తలుపు తెరిచిన టాక్సీ. ముందు చక్రాలు కొంచెం తిప్పి పెట్టగలిగితే మరీ మంచిది.

మనుషులకూ ఇదే సూత్రం. పరిగెత్తేవాడు, సైకిల్ తొక్కేవాడు, చెయ్యెత్తి పిలిచేవాడు వద్దు. కూర్చున్నవాళ్లు, నిలబడి మాట్లాడుకునేవాళ్లు, గోడకు ఆనుకున్నవాళ్లు బాగుంటారు. ఒక్కొక్కరిని చల్లినట్టు కాకుండా ఇద్దరు ముగ్గురిని గుంపుగా పెట్టి, మిగతా ఫుట్‌పాత్ ఖాళీగా వదిలేయండి.

అట్టముక్క

ఈ పోస్ట్ పిన్ చేయాలి.

సిగ్నల్‌దీపం

+1. పావురం గారితో నేను ఏకీభవించడం అరుదు, ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

కొత్తకూత

అప్‌డేట్. వీధి తిప్పి మళ్లీ వేశాను, ఫోటోలు కింద ఉన్నాయి. రోడ్డు ఒకటే వరస, 45 మి.మీ., ఒక పక్క పార్కింగ్ 25. ఫుట్‌పాత్ 1.7 మి.మీ. అట్టతో చేశాను. టౌన్ హాలు ముందు మూలకు వచ్చింది, తలుపు మీద పట్టీ గీశాను. కవరు, లప్పం పద్ధతి మొదటి భవనానికి సరిగ్గా కుదిరింది. రెండోదానికి లప్పం మరీ పల్చగా కలిపానేమో, ఆరాక గోడ నుంచి కొంచెం లాగేసుకుంది. మెటల్ కార్లన్నీ తీసేశాను. ప్రస్తుతం రోడ్డు మీద 1:87 కార్లు మూడే ఉన్నాయి, గేటు దగ్గర ఆగి.

మూడు కార్లతోనే వీధి నిండుగా ఉంది, ముందు పన్నెండు పెట్టినా అలా అనిపించలేదు. మనుషులను ఇంకా కొనలేదు.

రంగులడబ్బా

చాలా మారింది! ఎడమ నుంచి రెండో ఇంటి పైకప్పు ఇంకా మెరుస్తోంది, దానికి మ్యాట్ పడలేదు. రోడ్డు రంగు బాగుంది. చక్రాలు తిరిగే రెండు చారల్లో కాస్త ముదురు పొడి రాసి వేలితో అద్దండి.

లప్పం లాగేసుకున్న చోట మళ్లీ పూయకండి. ఆ సందులో జల్లించిన మట్టి పోసి, నీళ్లు కలిపిన తెల్ల జిగురు, ఒక చుక్క గిన్నెల సబ్బు, డ్రాపర్‌తో వదలండి. సబ్బు లేకపోతే జిగురు పైన గుండుగా నిలబడి మట్టిని పక్కకి తోసేస్తుంది. కంకర అతికించడానికీ అదే పద్ధతి, ఎలాగూ ట్రాకు పని కూడా మిగిలే ఉంది కదా మీకు.

గార్డుబండి

వెనక గోడ ఇంకా తెల్లగానే ఉంది. కొండలూ మేఘాలూ వద్దు, లేత నీలం బూడిద కలిపిన ఒకే రంగు కొట్టండి. మూలలు గుండ్రంగా తిరిగేలా పల్చటి షీటు వంచి బిగిస్తే గది మూల కనబడదు.

కొత్తకూత

ఈ వారం అదే చేస్తాను. ఆఖరి ప్రశ్న, లెవల్ క్రాసింగ్. రోడ్డు పట్టాల ఎత్తుకు రావాలి కదా, పట్టాల మధ్య పలక ఎంత ఎత్తు పెట్టాలి? వైరుచిక్కు గారు చెప్పిన ఇనుప తీగ పట్టాల మీదుగా ఎలా పోతుంది?

వైరుచిక్కు

తీగ పోదు. పట్టాలకు అటూ ఇటూ ఆపేయాలి, పట్టాల మధ్య ఒక చిన్న ముక్క విడిగా వేయాలి. రెండు పట్టాలకూ తగిలిందంటే డీసీసీ షార్ట్. బండి నేరుగా వస్తున్నప్పుడు అంత చిన్న ఖాళీని దాటేస్తుంది, అందుకని రోడ్డు అక్కడ వంపు లేకుండా తిన్నగా ఉండాలి.

పలక పట్టా పైభాగం కన్నా అర మి.మీ. కిందే ఉంచండి. సమానంగా పెడితే ట్రాకు తుడిచే ప్రతిసారీ దాని రంగు లేచిపోతుంది, ఇంజిన్ అడుగున వేలాడే కప్లింగ్ (బోగీని తగిలించే కొక్కెం) కూడా తగులుతుంది. పలకకీ పట్టాకీ మధ్య చక్రం అంచు పోవడానికి లోపలి వైపు కనీసం 1.5 మి.మీ. ఖాళీ. జిగురు పెట్టకముందే మీ దగ్గరున్న ప్రతి ఇంజిన్‌నీ రెండు దిక్కులా నెమ్మదిగా పోనిచ్చి చూడండి. పాత ఇంజిన్ల చక్రాల అంచులు లోతుగా ఉంటాయి, ముందు వాటితో మొదలుపెట్టండి.